కూర్చుని ఇచ్చే చీర

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాకి పనిమీద వచ్చేవాళ్ళకంటే పనిలేక వచ్చేవాళ్ళే ఎక్కువ. వచ్చాక పని దానంతటదే పుడుతుంది. మెట్రో మెట్లు దిగి పానీపూరీ బండి దగ్గర ఆగినవాళ్ళు గాజుల దుకాణంలోకి తొంగిచూస్తారు. అక్కణ్ణించి చెప్పుల దగ్గరికి, చెప్పుల దగ్గర్నించి సినిమా హాలుకి, మ్యాట్నీకి టికెట్లు దొరక్కపోతే ఎండ తగ్గేదాకా చల్లగా ఉంటుందని ఏదో ఒక చీరల మాల్‌లోకి. అలా ఏసీ కోసం వచ్చినవాళ్ళ చేత కూడా చీర కొనిపించగల మనిషి అమృతవర్షిణి సిల్క్స్ రెండో అంతస్తులో ఒక్కతే ఉంది. ఆవిడ పేరు అరుణమ్మ. ఆ అరుణమ్మే శ్రావణమాసం మొదటి బుధవారం నాడు, గిరాకీ కాస్త పలచబడిన వేళ, కస్టమర్ల స్టూలు మీద కూర్చుని దొరికిపోయింది.

నిజానికి పూర్తిగా కూర్చుందని కూడా అనలేం. పక్క కౌంటర్‌లో ఫ్యాన్సీ చీరలు మడతపెడుతున్న సాయిప్రియ అంతా చూస్తూనే ఉంది. అరుణమ్మ మొదట మోచేతులు కౌంటర్ మీద ఆనించింది. తర్వాత ఎడమ పాదం ఎత్తి కుడి పిక్కకేసి రాసుకుంది. ఆపైన కిందపడిందేదో తీస్తున్నట్టు వంగి, వంగిన మనిషి మళ్ళీ లేవకుండా స్టూలు అంచున ఆగిపోయింది. కళ్ళు మూసుకున్న ఆ ముఖంలో ఎంత సుఖం కనిపించిందంటే, "పెద్దమ్మా లే, కెమెరా" అని హెచ్చరించాల్సిన సాయిప్రియకి కాసేపు నోరు పెగల్లేదు. పెగిలేలోపు పట్టాభి వచ్చేశాడు.

పట్టాభి ఆ అంతస్తుకి మేనేజరు. కోస్తావైపు నుంచి ఉద్యోగానికని వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇక్కడే జుట్టు పలచబడినవాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే పై అంతస్తులో ఓనరు శ్రీరామమూర్తి గారి గదిలో గోడంత టీవీ ఉంది. షాపులో ఉన్న కెమెరాలన్నీ అందులో తేలతాయి. అందులో ఆయనకి ఏది నచ్చకపోయినా మోగేది పట్టాభి ఫోనే. అందుకని పట్టాభి పొద్దస్తమానం కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడు.

"ఏంటండీ అరుణమ్మగారూ ఇది? పోయినవారమే కదా చెప్పాను! సార్ చూశారు. ఈసారికి నేనేదో నచ్చజెప్పుకున్నాను. ఇంకోసారి కూర్చుని కనిపిస్తే రేపట్నుంచి రావద్దని నా నోటితోనే చెప్పమన్నారు. నాకెందుకండీ ఈ పాపం?"

"కాళ్ళు గుంజుతున్నయ్ సార్. జరసేపు..." అంటూ అరుణమ్మ అప్పటికే లేచి నిలబడింది.

"నావి గుంజట్లేదా? పొద్దున్నుంచి నేను మాత్రం ఎక్కడన్నా కూర్చున్నానా, చెప్పండి."

అది అబద్ధం కాదు. ఆ షాపులో పనిచేసేవాళ్ళెవరూ కూర్చోరు. నిలబడి చూపిస్తేనే కొనేవాళ్ళకి మర్యాదగా ఉంటుందని శ్రీరామమూర్తి గారి సిద్ధాంతం. ఆయన తన గదిలో కాళ్ళు సోఫా మీద పెట్టుకుని కూర్చుని ఆలోచిస్తే ఆ సంగతి తట్టిందని ఆడపిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకున్నా నిలబడే నవ్వుకోవాలి.

ఆ సాయంత్రం చేతులు కడుక్కునే గదిలో అరుణమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కాళ్ళమీద చన్నీళ్ళు పోసుకుంటుంటే సాయిప్రియ చూసింది. మోకాళ్ళ కిందనుంచి చీలమండల దాకా నరాలు ముడులు ముడులుగా ఉబ్బి నీలంగా ఉన్నాయి. పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి.

"దవాఖానల ఏమన్నరు పెద్దమ్మా?"

"నిలవడొద్దన్నరు. నిలవడకుంటె ఎట్ల ఎల్తదో మాత్రం చెప్పలే." అరుణమ్మ కుచ్చిళ్ళు దించి సర్దుకుంది. "ఇంకోపారి కూసుంటె ఇంటికే. ఈ వయసుల నన్నెవలు పెట్టుకుంటరు పిల్లా? అందరికి మీ వయసోళ్ళే గావాలె."

ఈ ఉద్యోగం సాయిప్రియకి ఇప్పించింది అరుణమ్మే. డిగ్రీ చదివిన పిల్ల చీర విప్పితే మళ్ళీ మడతపెట్టలేక ఏడుస్తుంటే, కుడిచేత్తో కొంగు విసిరి ఎడమచేత్తో అంచు ఎలా అందుకోవాలో నేర్పింది కూడా ఆమే. ఇంటికి పోయే బస్సులో సీటు దొరికి కూర్చుంటే సాయిప్రియకి ఎందుకో సిగ్గనిపించింది. అల్మాస్‌గూడ వచ్చేదాకా కుదురుగా కూర్చోలేకపోయింది.

మర్నాడు గురువారం. బాబా గుడికి వచ్చినవాళ్ళంతా చౌరస్తా మీద పడ్డారు. పెద్ద అంబర్‌పేట్ నుంచి ఒక పెద్ద ఆటో నిండా ఆడవాళ్ళు దిగి, పొద్దున దర్శనం, ఆనక చీరలు, సాయంత్రం సినిమా అని ముందే అనుకుని, సరాసరి రెండో అంతస్తుకి వచ్చారు. ఇంటి ఆడపిల్లకి ఒడిబియ్యం పోస్తున్నారట. పుట్టింటివాళ్ళు పెళ్ళైన కూతురి కొంగులో పసుపు కలిపిన బియ్యం పోసి, చీర పెట్టి, చల్లగా ఉండమని అత్తారింటికి పంపే వేడుక అది. కూతురికి, కూతురి అత్తగారికి, ఆడబిడ్డలకి, పేరంటానికి వచ్చే చుట్టాలకి, ఇలా చీరలు గుట్టగా కావాలి. అలాంటి పార్టీ వస్తే పట్టాభి కళ్ళతోనే అరుణమ్మకి సైగ చేస్తాడు.

అరుణమ్మ మొదలుపెట్టింది. బీరువా పైఅర నుంచి కట్ట దించడం, విప్పడం, భుజం మీద వేసి అద్దం వైపు తిప్పడం, "నీ రంగుకు గిది ఎట్ల నప్పిందో సూడు బిడ్డా" అనడం, మళ్ళీ పైఅర. ఆడవాళ్ళు ఎక్కువ, స్టూళ్ళు తక్కువ. సగం మంది నిలబడి ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తున్నారు. చీరలు కౌంటర్ దాటి కార్పెట్ మీదికి జారాయి. ఇంకో కట్ట దించబోతూ అరుణమ్మ బీరువా తలుపు పట్టుకుని ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. తలుపు పట్టుకునే మెల్లిగా కిందికి జారి, ఆ చీరల మధ్యనే చతికిలబడింది.

తమాషా ఏమిటంటే బేరం ఆగలేదు. "ఇగో, గీడ సూడున్రి, మంచిగ కనవడ్తది" అంటూ అరుణమ్మ తన ఒళ్ళోనే చీర పరిచింది. ఆ ఆడవాళ్ళకీ అదే హాయిగా ఉన్నట్టుంది. స్టూళ్ళు వదిలేసి ఒక్కొక్కరే కార్పెట్ మీద చుట్టూ కూర్చున్నారు. పెద్దావిడ కాళ్ళు బార్లా చాపింది. చీరలు చేతుల మీదుగా చక్కర్లు కొడుతున్నాయి. కొంటామనుకున్నవి కాక ఇంకా నాలుగు పక్కకి చేరాయి.

అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. శ్రీరామమూర్తి గారు స్వయంగా దిగారు, వెనకాల పట్టాభి.

"ఏంటయ్యా ఇది? షాపా, సంతా?" అన్నాడాయన గొంతు పెంచకుండానే. ఆయన చూపు సూటిగా అరుణమ్మ మీదే ఉంది. పట్టాభి గొంతు సవరించుకున్నాడు. చెప్పమన్న మాట చెప్పడానికే అది అని సాయిప్రియకి తెలిసిపోయింది. అరుణమ్మ లేవడానికి చెయ్యి నేలకి ఆనించింది గానీ కాళ్ళు సహకరించడం లేదు.

"సార్! ఒడిబియ్యం చీరెలు సార్ అవి!" అంది సాయిప్రియ.

తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమెకే తెలీదు. అందరూ ఆమె వైపు తిరిగారు.

"అయితే?" అన్నాడు శ్రీరామమూర్తి.

"ఒడిబియ్యం చీరె నిలవడి ఇయ్యొద్దు సార్. ఇచ్చేటోళ్ళు కూసోవాలె, తీస్కునేటోళ్ళు కూసోవాలె. నిలవడి ఇస్తె లక్ష్మి గూడ ఇంట్లకొచ్చి నిలవడే ఉంటది సార్, కూసోదు. మా దిక్కు ఆచారం."

అంత అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో ఆమెకి తర్వాత ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. శ్రీరామమూర్తి ఆ ఆడవాళ్ళ వైపు చూశాడు. చిన్నావిడ నడిపావిడ వైపు చూసింది. నడిపావిడ పెద్దావిడ వైపు చూసింది. పెద్దావిడకి ఎవరి వైపు చూడాలో తెలియలేదు. సొంత ఆచారం తమకే తెలియదని పరాయివాళ్ళ ముందు ఎవరు ఒప్పుకుంటారు?

"అవ్ సార్. పెద్దలు వెట్టింది," అంది పెద్దావిడ గంభీరంగా. మిగతావాళ్ళు తలలూపారు.

శ్రీరామమూర్తి వ్యాపారస్తుడు. కృష్ణాజిల్లా నుంచి వచ్చి చౌరస్తాలో ఇంత మాల్ కట్టినవాడికి ఒక భయం మాత్రం పోలేదు. ఈ ఊరివాళ్ళ పట్టింపుల్లో ఏదైనా తెలియక తప్పు చేస్తే గిరాకీ పక్క షాపుకి పోతుందని. ఆయన వెంటనే రెండు చేతులూ జోడించాడు. "కూర్చోండమ్మా, కూర్చోండి. అరుణమ్మా, మీరు లేవకండి. పట్టాభీ, వీళ్ళకి మజ్జిగ చెప్పు." లిఫ్టు ఎక్కేముందు ఒకసారి వెనక్కి తిరిగి, కార్పెట్ మీద ఆ గుంపునీ, పక్కకి తీసిపెట్టిన చీరల గుట్టనీ కాసేపు చూశాడు.

శనివారానికల్లా రెండో అంతస్తు మధ్యలో గద్దె వెలిసింది. ఎత్తయిన చెక్క దిమ్మె, దానిమీద పరుపు, తెల్లటి దుప్పటి, బాలీసులు. ఒక పక్క ఇత్తడి పళ్ళెంలో పసుపు బియ్యం, కుంకుమ భరిణె. పైన బోర్డు: "మన తెలంగాణ ఒడిబియ్యం గద్దె. ఇక్కడ చీర కూర్చునే ఇస్తాం." అదే మాట బయట పెద్ద తెరమీద, సిగ్నల్ దగ్గర ఆగిన బస్సులకీ, మెట్రో మెట్లు దిగేవాళ్ళకీ కనిపించేలా రంగురంగుల్లో తిరగసాగింది.

"సార్ మిమ్మల్నే కూర్చోమన్నారండీ అరుణమ్మగారూ," అని చెప్పింది కూడా పట్టాభే. కూర్చుంటే తీసేస్తానన్న నోటితోనే కూర్చోమని చెప్పాల్సి వచ్చినందుకు కాస్త ఇబ్బంది పడ్డాడు. "కూర్చునే ఉండాలి. మధ్యలో లేస్తే బాగుండదట."

అరుణమ్మ గద్దె ఎక్కింది. మొదటిరోజు పట్టాభి అటువైపు వచ్చినప్పుడల్లా ఆమె నడుము దానంతటదే సగం లేచేది. చెయ్యి పరుపుకి ఆనేది. తర్వాత గుర్తొచ్చి, సర్దుకుని, బాలీసుకి ఆనుకునేది. ఆదివారం సాయంత్రానికి ఆ లేవడం తగ్గింది. సోమవారం నాటికి ఆమె కాళ్ళు మడుచుకుని, ఒళ్ళో చీర పరిచి, పుట్టింట్లో కూర్చున్నట్టు మాట్లాడుతోంది. చీరలు పైనుంచి దించి అందించే పని సాయిప్రియకి పడింది. ఆమె సంతోషంగానే చేసింది.

సంతోషమే గానీ, ప్రాణం కుదుటగా లేదు. ఆ తెర మీద అక్షరాలు తిరిగినప్పుడల్లా తన అబద్ధాన్ని ఎవరో చౌరస్తాలో మైకు పెట్టి చదువుతున్నట్టుండేది. పైగా జనం నమ్ముతున్నారు. ఉత్తినే నమ్మితే బాగానే ఉండేది. "మా అమ్మమ్మ గూడ గిదే చెప్పేది" అనేవాళ్ళు ఒకరు. "మా ఊర్ల ఇప్పటికి కూసోకుంటె చీరె ముట్టరు" అనేవాళ్ళు ఇంకొకరు. నాలుగు రోజుల క్రితం తన నోట్లో పుట్టిన మాటకి ఇంతమంది అమ్మమ్మలు ఎక్కణ్ణించి వచ్చారో సాయిప్రియకి అర్థం కాలేదు.

"నీ పుణ్యమాని కాళ్ళు సల్లవడ్డయ్ బిడ్డా," అంది అరుణమ్మ, గిరాకీ లేనప్పుడు దుప్పటి ముడతలు సరిచేస్తూ. "గని గీ ఆచారం నేనెన్నడు ఇనలే."

"నేను గూడ ఇనలే పెద్దమ్మా. నోటికొచ్చింది, చెప్పిన."

అరుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. భుజాలు ఊగిపోయాయి. కళ్ళనీళ్ళు తుడుచుకున్నాక నెమ్మదిగా, "ఎవలన్న అసలు తెలిసినోళ్ళు ఒస్తె?" అంది.

మంగళవారం మధ్యాహ్నం ఆ అసలు తెలిసినావిడ రానే వచ్చింది.

ఆండాలుది అల్మాస్‌గూడలో పాత ఇల్లు. పొలాలు పోయి కాలనీలు లేచినా, బాలకృష్ణ పటేలు భార్యగా ఆమె పెద్దరికం మాత్రం అంగుళం తగ్గలేదు. ఊళ్ళో ఎవరింట్లో ఏ శుభకార్యమైనా ఏది ముందు, ఏది వెనక అని కనుక్కోవడానికి ఆమె గుమ్మం ఎక్కాల్సిందే. అలాంటి ఆండాలు, కొత్తగా పెళ్ళైన కూతురు తేజస్వినిని వెంటబెట్టుకుని లిఫ్టు దిగుతుంటే, సాయిప్రియ చేతిలో చీరల కట్ట పట్టు తప్పి నేలమీద పడింది.

"నువ్వు మన ఊరి పిల్లవే గదా?" అంది ఆండాలు ఆమెను చూసి. తర్వాత తల ఎత్తి బోర్డు చదివింది. పెదవులు కదుపుతూ రెండోసారి చదివింది. "గీ గద్దె ఎవలు పెట్టిచ్చిన్రు?"

సాయిప్రియ జవాబు వెతుక్కునేలోపు శ్రీరామమూర్తే దిగొచ్చాడు. వాళ్ళొచ్చిన కారునీ, మనుషుల్నీ ఆయన పైన టీవీలో చూసే ఉంటాడు. "నమస్కారం అమ్మా. మీలాంటి పెద్దవాళ్ళే చెప్పాలి. ఒడిబియ్యం చీర కూర్చునే ఇవ్వాలని మీ వైపు ఆచారం ఉందట కదా? మేం సరిగ్గా చేస్తున్నామో లేదో మీరు చూసి చెబితే సంతోషం."

షాపంతా ఇటే చూస్తోంది. ఇప్పుడు ఈవిడ నవ్వి, "గదేం ఆచారం?" అంటే చాలు. గద్దె పోతుంది. అరుణమ్మ పోతుంది. తనూ పోతుంది. ఆండాలు ఈ మాట ఎప్పుడూ వినలేదని ఆమె కనుబొమలు చూస్తేనే తెలుస్తోంది. కానీ ఇంతమంది ముందు, ఇంత పెద్ద షావుకారు చేతులు కట్టుకుని అడుగుతుంటే, మా దిక్కు ఆచారం నాకు తెలియదనడం ఆండాలు వల్ల అయ్యే పని కాదు.

"ఉండకేంది సార్?" అంది ఆండాలు. "పాతకాలం ఆచారం. ఇప్పటోళ్ళకేం ఎర్క?"

సాయిప్రియ అప్పుడు గానీ కిందపడ్డ కట్ట తీయలేదు.

"గని మీరు సగమే చేస్తున్రు," అంది ఆండాలు, గద్దె అంచున కూర్చుంటూ. "కూసునుడు ఒక్కటే గాదు సార్. ఒడిబియ్యమంటె ఐదోతనం. చీరె అందిచ్చే చెయ్యి ముత్తైదు చెయ్యి గావాలె. పెనిమిటి లేనోళ్ళు ఆ గద్దె ముట్టొద్దు."

ఇది మాత్రం ఎవరూ పుట్టించిన మాట కాదు. ఒడిబియ్యం సంగతి తెలిసిన ఏ ఇంట్లోనైనా ఇదే అంటారు. ఆ షాపులో పనిచేసే ఆడవాళ్ళంతా బొట్టు పెట్టుకుని, నిండుగా గాజులు వేసుకుని రావాలి. అది షాపు నియమం. ఎవరికి మొగుడున్నాడో ఎవరికి లేడో ఎవరూ చూడరు. కానీ సాయిప్రియకి తెలుసు. కొన్నేళ్ళ కిందట అమ్మతో పాటు సరూర్‌నగర్‌లో అరుణమ్మ ఇంటికి వెళ్ళింది. వాకిట్లో పాడె ఉంది. అరుణమ్మ గోడకి ఆనుకుని నిలబడి, వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందించమని ఎవరికో చెబుతోంది. ఇంతా తెలిసి, కంగారులో తన పెద్దమ్మని కూర్చోబెట్టడానికి ఈ లోకంలో ఇన్ని ఉండగా ఒడిబియ్యాన్నే వెతికి పట్టుకుంది. తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది.

"విన్నావా పట్టాభీ?" అన్నాడు శ్రీరామమూర్తి. "ఇది ముఖ్యం."

"మా అరుణమ్మగారు ముత్తైదువేనండీ, చూస్తున్నారుగా," అన్నాడు పట్టాభి ఆమె బొట్టు వైపు చూపిస్తూ.

"బొట్టుదేముంది, ఈ కాలంల అందరు పెడ్తున్రు," అంది ఆండాలు. అరుణమ్మ వైపు తిరిగింది. ఆ గొంతులో కోపమేమీ లేదు, సంబంధాలు కనుక్కునేటప్పటి మామూలు కుతూహలమే. "నీ పెనిమిటి ఏం జేస్తడమ్మా?"

అరుణమ్మ ఒళ్ళో సగం మడతపెట్టిన చీర ఉంది. చేతులు ఆగాయి. ఆమె ఎవరి వైపూ చూడలేదు. చీర అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, దాన్ని చివరిదాకా నిమిరింది. లేవబోతున్నట్టు ఒక కాలు మడత విప్పింది కూడా. సాయిప్రియ చూసింది. ఆ పాదం దుప్పటి అంచుదాకా వచ్చి, అక్కడ ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చీర కిందికి చేరింది.

"ఆటో నడుపుతడమ్మా," అంది అరుణమ్మ. "పొద్దుగాల్ల నన్ను ఈడ దించి గిరాకికి పోయిండు."

"మంచిగుండాలె," అంది ఆండాలు తృప్తిగా. "అయితె ముందుగాల మా బిడ్డకు బొట్టువెట్టు. బొట్టువెట్టినంకనే చీరె సూడాలె."

ఈ ముక్క మాత్రం ఆండాలు అప్పటికప్పుడు కలిపిందో, నిజంగానే ఉందో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు. తేజస్విని గద్దె మీద వంగి నుదురు చూపింది. అరుణమ్మ కుంకుమ భరిణె తీసింది. ఆచారం పుట్టించిన మనిషికే ఆచారమంటే భయం పట్టుకుంది. వద్దని అరవాలనిపించింది. కొత్త పెళ్ళికూతురు, ఏమన్నా అయితే ఆ పాపం ఎవరిది? అరవలేదు. అరుణమ్మ ఉంగరం వేలితో ఆ పిల్ల నుదుట గుండ్రంగా, నింపాదిగా బొట్టు పెట్టింది. ముక్కు మీద రాలిన రవ్వంత కుంకుమని కొంగుతో తుడిచింది. "సల్లగుండు బిడ్డా," అంది.

ఆపైన బేరం మామూలుగానే సాగింది. ఆండాలు ఆకుపచ్చ అడిగితే అరుణమ్మ మొదట మామిడిపండు రంగు చూపించింది. తర్వాత ఆకుపచ్చకి వచ్చి, చివరికి తేజస్వినికి నచ్చిన వంకాయరంగు మీద ఇద్దర్నీ ఒప్పించింది. మధ్యలో ఆండాలు అడిగిన వాటికి జవాబులూ చెప్పింది. మా ఆయనకి పొద్దున రొట్టె ఉండాల్సిందే. పండగలకి కొత్త అంగీ అంటే వద్దంటాడు, పాతదే వేసుకుంటాడు. సాయిప్రియ చీరలు అందిస్తూ ఒక్కో మాటా వింటోంది. చచ్చిపోయిన మనిషి తన కళ్ళముందే లేచి, రొట్టె తిని, ఆటో తీసుకుని ఎల్‌బీ నగర్ వైపు పోయినట్టుంది.

భోజనాలకి ఆలస్యమైంది. షాపు వెనక మెట్ల మీద, పాత అట్టపెట్టెల పక్కన ఇద్దరూ డబ్బాలు విప్పారు. సాయిప్రియకి ముద్ద దిగలేదు.

"నాదే తప్పు పెద్దమ్మా. నీ సంగతి మర్సిపోయి ఎర్రిదానిలెక్క అంత మాట అన్న."

"తిను ముందు."

"ఆ పిల్లకు బొట్టు వెట్టినవ్ గదా... ఏమన్న అయితదేమోనని నాకు పరేషాన్ అయితున్నది."

అరుణమ్మ కుడిచెయ్యి పెరుగన్నంలోంచి తీసి, తిప్పి చూసుకుంది. ఉంగరం వేలి గోటి పక్కన కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

"నేను గూడ గదే సూసిన. పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతదనుకున్న. వణకలే," అంది. "మొగడు సచ్చిండు గని చెయ్యి సావలే గదనే. ఆ పిల్ల మంచిగనే ఉంటది. నేను మనసువెట్టి దీవించిన."

సాయిప్రియ కళ్ళు తుడుచుకుంది. నమ్మాలనిపించింది. సగం నమ్మింది కూడా. అంతలో పై మెట్ల మీద బూట్ల చప్పుడైంది. పట్టాభి. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఇక్కడ కూర్చున్నందుకు కాదు గదా అని సాయిప్రియ డబ్బా పట్టుకునే లేచి నిలబడింది.

"తినండి, తినండి," అన్నాడు పట్టాభి. "అరుణమ్మగారూ, సార్ బ్రహ్మాండంగా ఉన్నారు ఇవాళ. వరలక్ష్మీ వ్రతం రోజున గద్దె దగ్గర పూజ పెట్టిస్తారట. దంపతులతో చేయిస్తే బాగుంటుందని, మిమ్మల్నీ మీ ఆయన్నీ కూర్చోమన్నారు. ఆయనకి బట్టలు కూడా పెడతారట. శుక్రవారం పొద్దున్నే తీసుకురండి."

సాయిప్రియ చేతిలో డబ్బా మూత మెట్ల మీద పడి గింగిర్లు తిరిగింది.

"ఆయన రాడు సార్," అంది అరుణమ్మ.

"అదేంటండీ? గిరాకీ పోతుందనా? ఒక్క పూటే కదా."

"గిరాకి గాదు సార్." అరుణమ్మ డబ్బాలో మిగిలిన మెతుకులు వేలితో ఒకచోటికి చేర్చింది. "నేను కూసుంటె ఆయనకు సూడబుద్ధి గాదు. పెండ్లైనకాడికెంచి గంతే. నేను గిట్ల కూసున్ననంటె చాలు, ఏదో ఒక పని జెప్పి లేపకుంట ఉండడు. పనిలేకుంటె నీళ్ళ చెంబు దెమ్మంటడు. తెచ్చినంక తాగడు. జ్వరమొచ్చి కూలవడ్డా గట్లనే. గీడికొచ్చి గద్దె మీద నన్ను సూసిండంటె పూజ అయ్యేదాక గూడ ఆగడు సార్. నలుగుట్ల లేపుతడు."

పట్టాభి తల పంకించాడు. అలాంటి మొగుణ్ణి అనుమానించడానికి అతనికి కారణమేమీ కనిపించలేదు. "కొందరంతేలెండి," అన్నాడు, కాస్త గొంతు తగ్గించి. "సరే, మీరేం బెంగ పెట్టుకోకండి. మీ ఆయన ఊళ్ళో లేడని సార్‌తో నేనే చెప్తాను. పూజకి ఇంకెవరినైనా చూస్తాం. మీరు మాత్రం గద్దె దిగొద్దు."

అతను మెట్లెక్కి వెళ్ళిపోయాడు. సాయిప్రియ మూత తీసుకుని, తుడిచి, డబ్బాకి పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"పెద్దమ్మా, మస్తు చెప్పినవ్. ఎట్ల తడ్తయ్ నీకు గింత జల్ది అబద్ధాలు?"

అరుణమ్మ కొళాయి కింద చెయ్యి కడుక్కుంది. కుంకుమ మరక ఓ పట్టాన పోలేదు, గోటితో గీకింది.

"ఇయ్యాల ఆయన గురించి ఆళ్ళకు చెప్పినయాట్ల గదొక్కటే నిజం బిడ్డా," అంది.

పైనుంచి ఎవరో ఒడిబియ్యం పార్టీ వచ్చిందని కేకేశారు. అరుణమ్మ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి వెళ్ళి, గద్దె మీద కూర్చుంది.